సినిమాల్లో పేదోళ్ళు ఉన్నారు, వాళ్ళ రేషన్ కార్డు ఏది?

రమణి_విజయనగరం
ఈ మాట చాలాకాలంగా అడగాలనుకుంటున్నా. మన సినిమాల్లో పేదవాళ్ళకి కొదవ లేదు. గుడిసె ఉంటుంది, దగ్గే తల్లి ఉంటుంది, పుస్తెలు అమ్మే సీను ఉంటుంది. రేషన్ కార్డు మాత్రం ఉండదు. పెన్షన్ ఊసు ఉండదు. నాన్న పోయాక మా ఇల్లు నడిచింది అమ్మ వితంతు పెన్షను, కోటా బియ్యం, కుట్టు మిషను ఈ మూడింటి మీద. అప్పట్లో పెన్షన్ రెండు వందలు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద పొద్దున్నుంచీ కూర్చుంటే మధ్యాహ్నానికి "డబ్బు రాలేదు, రేపు రండి" అనేవారు, ఆ రోజు కుట్టు పని పోయినట్టే. అమ్మ ఏడవడం నేను పెద్దగా చూడలేదు. ఎప్పుడూ లెక్క వేస్తూ ఉండేది. ఈ నెల పాలవాడికి ఇవ్వాలా, కిరాణా కొట్టు బాకీలో కొంత కట్టాలా, ఎవరు ఇంకో వారం ఆగుతారు, ఎవరు వీధిలో నిలబడి అరుస్తారు అని.

కిలో రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చింది. నలభై ఏళ్ళు దాటింది. రెండు రాష్ట్రాల్లో ఇన్ని కోట్ల మంది వండుకు తింటున్నది తెర మీద ఎందుకు కనిపించదు? చూపించిన సినిమాలు తెలిస్తే చెప్పండి, తెలుగే కానక్కర్లేదు.

బెజవాడ_బాబి
అక్కా, మీ బాధ అర్థమైంది గానీ సినిమా సినిమానే కదా. టికెట్ కొని వచ్చినవాడికి క్యూలో నిలబడ్డం చూపిస్తే ఏం చూస్తాడు? పేదరికాన్ని బాగా చూపించినవి మనకి లేకపోలేదు. ఆకలి రాజ్యం (1981) చూడండి. ఇంట్లో గింజ లేకపోయినా తింటున్నట్టు చప్పుళ్ళు చేసి పరువు కాపాడుకునే సీను ఉంది, అది చూసి మా నాన్నగారు ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటారు. దానికి రేషన్ కార్డు అవసరం లేదు కదా.

రమణి_విజయనగరం
బాబీ, ఆ సీను నాకూ ఇష్టమే. కానీ అది చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాళ్ళ ఆకలి. రేపు ఉద్యోగం వస్తే తీరుతుంది. నేనడిగేది తీరనిది. పెన్షన్‌తో ఏళ్ళకేళ్ళు బతికేవాళ్ళ సంగతి.

పాలమూరు_శ్రీను
రమణక్క అన్నదాంట్లో నిజం ఉంది. నన్నడిగితే తెలుగులో దగ్గరగా వచ్చింది మల్లేశం (2019). చీర నేతకి దారంతో ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడిపోతే కొడుకు మిషన్ కనిపెట్టిన కథ అని అందరూ చెప్తారు, నాకు మాత్రం అందులో అప్పుల సీన్లే గుర్తుంటాయి. చేనేత ఇంట్లో అప్పు ఎట్లా పుడుతుందో, తెచ్చిన అప్పు తీరకముందే ఇంకో అప్పు ఎందుకు చేయాల్సి వస్తుందో చూపించిండు. అంతకుముందు మట్టి మనుషులు (1990) ఉంది, పల్లె నుంచి పట్నం పోయి బిల్డింగ్ పనిచేసే కూలీల కథ. మా పాలమూరు లేబర్ కట్టని ప్రాజెక్టు దేశంలో లేదంటారు, కానీ వాళ్ళ మీద సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకోటి చెప్తా. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న దేశం మొత్తానికి మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. కరువు పని అని పిలుచుకునే ఆ పనికి మా ఊళ్ళో సగం ఆడవాళ్ళు పోయేటోళ్ళు. తెల్లారకముందే ఇంట్లో వంట, గడ్డపార, తట్ట, చెరువు కట్ట. తర్వాత హాజరుకి ఫోన్లో యాప్ వచ్చింది, పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఒక ఫొటో. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే ఆ రోజు మస్టర్ పోయినట్టే, మట్టి తవ్వింది తవ్వినట్టే. ఇంతకన్నా డ్రామా ఏం కావాలె సినిమాకు?

న్యూకాసిల్_ప్రసాద్
నేనుండేది ఇంగ్లండ్‌లో న్యూకాసిల్. కెన్ లోచ్ 2016లో తీసిన 'ఐ, డేనియల్ బ్లేక్' ఈ ఊరి కథే. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో అన్నిటికన్నా పెద్ద బహుమతి పామ్ డోర్ వచ్చింది. బాబి గారు క్యూలు ఎవరు చూస్తారు అన్నారు కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఆ సినిమా మొత్తం క్యూలు, ఫారాలు, ఫోన్ కాల్సే.

డేనియల్ వడ్రంగి, 59 ఏళ్ళు, గుండెపోటు వచ్చింది. పనికి వెళ్ళొద్దని డాక్టర్ చెప్పింది. పనిచేయలేనివాళ్ళకి ఇచ్చే భత్యం కోసం వెళ్తే పరీక్ష పెడతారు. సినిమా మొదలయ్యేదే నల్లటి తెర మీద, మనుషులు కనపడరు, గొంతులు మాత్రమే. యాభై మీటర్లు నడవగలరా, చెయ్యి పైకి లేపగలరా అని ఒకావిడ వరసగా అడుగుతూనే ఉంటుంది. నా గుండె సంగతి అడగండమ్మా అంటాడు, ఆవిడ కాగితంలో ఉన్న ప్రశ్న వదలదు. చివరికి పాయింట్లు సరిపోలేదు, నువ్వు పనికి అర్హుడివి అని ఉత్తరం వస్తుంది. అప్పీలు చేద్దామని ఫోన్ చేస్తే గంటన్నర పైగా సంగీతం వినిపిస్తారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే అంటారు, ఆయన జన్మలో కంప్యూటర్ ముట్టుకోలేదు. మౌస్ పైకి జరపమంటే దాన్ని ఎత్తి స్క్రీన్‌కి ఆనిస్తాడు. థియేటర్లో కొందరు నవ్వారట గానీ నాకు మా తాతయ్య గుర్తొచ్చి కడుపులో దేవింది.

ఇక్కడ ఇల్లు గడవనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకులో వీలైనప్పుడల్లా శనివారాలు డబ్బాలు సర్దడానికి వెళ్తుంటాను. సినిమాలో కేటీ అనే ఒంటరి తల్లి అలాంటి చోటికే వచ్చి, సరుకులు తీసుకుంటూ ఆగలేక బీన్స్ డబ్బా అక్కడికక్కడే తెరిచి చేత్తో తినేస్తుంది. అంత ఆకలితో రావడం నేను చూడలేదు. కానీ ఆ తర్వాత ఆమె పడే సిగ్గు ఉంది చూడండి, అది ప్రతి వారం చూస్తాను. సంచి తీసుకుని తల దించుకుని తలుపు దాకా గబగబా నడుస్తారు. మన పిల్లలు కూడా వస్తారు, ఎమ్మెస్ చదవడానికి వచ్చినవాళ్ళు. వాళ్ళ వీసా మీదే ప్రభుత్వ భత్యాలకి అర్హత లేదని రాసి ఉంటుంది, పార్ట్‌టైమ్ పోతే ఇంక దారి లేదు. ఇంట్లో మాత్రం చెప్పరు.

పంట_కాలువ
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు, నేను రెండో వైపు చెప్తాను, తిట్టినా ఫర్వాలేదు. నాది పశ్చిమ గోదావరి, అయిదెకరాల వరి. నాట్ల టైముకి కూలీలు దొరకరు. దొరికినా రేటు మాకు గిట్టుబాటు కాదు. బియ్యం ఫ్రీ, పెన్షన్ నాలుగు వేలు, ఇంక పొలంలోకి ఎందుకు దిగుతారు? కోటా బియ్యం సగం మంది తినరు, కిలో పది రూపాయలకో ఎంతకో బండి మీద వచ్చేవాడికి అమ్మేస్తారు. సినిమా నిజం చూపించాలంటే ఇదీ చూపించాలి కదా.

రమణి_విజయనగరం
తిట్టను గానీ పంట కాలువ గారూ, పెన్షన్ నాలుగు వేలు అంటున్నారు, అది ఎవరికండీ? ఎక్కువగా అరవై దాటిన ముసలివాళ్ళకి, వితంతువులకి. మీ పొలంలో వంగి నాట్లు వేయాల్సింది వాళ్ళా? బియ్యం మనిషికి అయిదు కిలోలు. ఒంటరి ముసలావిడకి అది నెలంతా రాదు. నాలుగు వేలు అయింది కూడా 2024 జూలై నుంచే, అంతకుముందు మూడు వేలు, 2014 దాకా అయితే ఏళ్ళ తరబడి వందల్లోనే నడిచింది.

పాలమూరు_శ్రీను
బియ్యం అమ్ముకునుడు నిజమే అన్నా, కాదని ఎవరూ అనరు. ఎందుకు అమ్ముతరో కూడా చూపించాలె. దొడ్డు బియ్యం పిల్లలు తినకపోతే, అమ్మిన డబ్బుకి ఇంకొంత కలిపి సన్నబియ్యం కొనుక్కునేటోళ్ళు. అదేదో దోపిడీ అన్నట్టు మాట్లాడుతరు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి కార్డు మీద సన్నబియ్యమే ఇస్తున్నరు, మనిషికి ఆరు కిలోలు. మా ఇంట్లో, చుట్టుపక్కల అందరూ వండుకుంటున్నరు, బండి కోసం ఎదురుచూసేటోళ్ళు తగ్గిపోయిండ్రు. సినిమాల్లో మాత్రం రేషన్ బియ్యం అంటే ఎప్పుడూ విలన్ లారీ, చెక్‌పోస్టు, హీరో ఫైటు. బియ్యం తినే మనిషి ఆ సినిమాలో ఉండడు.

పంట_కాలువ
సన్నబియ్యం సంగతి ఒప్పుకుంటా. కూలీల సంగతి ఒప్పుకోను. పట్నంలో కూర్చుని రైతుని విలన్ చేయకండి, మా అప్పులు మాకున్నాయి.

కోనసీమ_కోడలు
పంట కాలువ గారూ, మిమ్మల్ని ఎవరూ విలన్ అనలేదండీ. రైతు గురించే అయితే పీప్లీ లైవ్ (2010) చూడండి, హిందీ. అప్పుకి పొలం వేలం అవుతుంటే, ఆత్మహత్య చేసుకుంటే పరిహారం వస్తుందని తెలిసి ఒకడు చావడానికి సిద్ధపడతాడు. టీవీ వాళ్ళు ఇంటి ముందు గుడారాలు వేస్తారు, అధికారులు ఏదో పథకం కింద చేతిపంపు తెచ్చి ఇచ్చి పోతారు. అడిగింది ఒకటి, వచ్చింది ఇంకోటి. పథకాలతో బతికేవాళ్ళకి ఈ అనుభవం బాగా తెలుసు. అలాగే తమిళంలో కాక్కా ముట్టై. మురికివాడ పిల్లలిద్దరు పట్టాల పక్కన పడ్డ బొగ్గు ఏరుకుని అమ్ముతారు, ఇంట్లో ప్రభుత్వం ఫ్రీగా ఇచ్చిన టీవీ ఉంటుంది, ఆ టీవీలోనే పిజ్జా ప్రకటనలు చూసి ఆశపడతారు. అందులో తల్లిని గమనించండి. మొగుడు జైల్లో, చేతిలో డబ్బు లేదు, అయినా ఆ మనిషి మొహంలో మనల్ని ఏడిపించాలన్న ప్రయత్నం ఎక్కడా కనపడదు. పనిచేసుకుంటూ ఉంటుంది.

నాకు మన సినిమాల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఆడవాళ్ళ గురించే. పేదింటి ఆడది అంటే తాళి అమ్మాలి, లేదా హీరో చేత చీర కప్పించుకోవాలి. మా వీధిలో ఆడవాళ్ళు చేసేది వేరు. డ్వాక్రా గ్రూపులో ఒక లోను, మైక్రో ఫైనాన్స్‌లో ఇంకోటి, బంగారం ఉంటే తాకట్టు. ఒకదాని కిస్తీ ఇంకోదాంతో కడతారు. గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగతా అందరూ ఆవిడ ఇంటి ముందు కూర్చుంటారు, రాత్రి ఎనిమిదైనా లేవరు. నిన్నటి దాకా కలిసి పేరంటాలకి వెళ్ళినవాళ్ళే. 2010లో ఈ కంపెనీల వసూళ్ళు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు వచ్చాకే కదా అక్టోబర్‌లో ఆర్డినెన్స్ తెచ్చారు. అంత జరిగినా దాని మీద గుర్తుండిపోయే తెలుగు సినిమా ఏదైనా ఉంటే చెప్పండి, నాకైతే కనపడలేదు.

సచివాలయం_స్టాఫ్
నేను ఏపీలో ఒక సచివాలయంలో పనిచేస్తున్నాను, ఏ ఊరో అడగొద్దు. ఒకటో తారీకు తెల్లవారుజామునే బయల్దేరి ఇంటింటికీ వెళ్ళి పెన్షన్ ఇచ్చేది మేమే. ఈ చర్చలో ఒక మాట చెప్పాలనిపించింది. సినిమాలో గవర్నమెంటు ఆఫీసు సీను వస్తే అవతల కూర్చున్నవాడు లంచం అడిగేవాడో, తమలపాకులు నములుతూ రేపు రా అనేవాడో అయి ఉంటాడు. అలాంటివాళ్ళు లేరనను. కానీ ఎక్కువసార్లు పెన్షన్ ఆపేది మనిషి కాదు, సిస్టం. ఒక పెద్దావిడ పేరు అనర్హుల్లో వచ్చింది. ఎందుకని చూస్తే ఆవిడ ఆధార్‌కి వేరేవాళ్ళ కరెంటు మీటర్ లింకై ఉంది, మూడు వందల యూనిట్లు దాటినట్టు చూపిస్తోంది. ఆవిడ ఇంట్లో ఉన్నది ఒక బల్బు, ఒక ఫ్యాను. నేను కళ్ళారా చూస్తున్నాను, అయినా నా లాగిన్‌లో దాన్ని మార్చే బటన్ లేదు. కరెంటు ఆఫీసు నుంచి కాగితం తెమ్మని ఆవిడకి చెప్పాల్సింది నేనే. ఆవిడ దృష్టిలో పెన్షన్ ఆపింది నేనే. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినబుద్ధి కాలేదు.

ప్రసాద్ గారూ, మీరు చెప్పిన సినిమాలో ఆఫీసు వాళ్ళని ఎలా చూపించారు? అందరూ రాక్షసులేనా?

న్యూకాసిల్_ప్రసాద్
లేదండీ, మంచి ప్రశ్న అడిగారు. ఆన్ అనే ఉద్యోగిని ఉంటుంది. డేనియల్‌కి కంప్యూటర్ దగ్గర సాయం చేయబోతే మేనేజర్ దగ్గర చీవాట్లు పడతాయి, అందరికీ ఇదే అలవాటవుతుందని. అయినా ఇక్కడ అంతకుముందు ఈ భత్యాల శాఖ మంత్రిగా చేసిన ఇయాన్ డంకన్ స్మిత్, జాబ్‌సెంటర్ (భత్యాలు చూసే ఆఫీసు) ఉద్యోగుల్ని అన్యాయంగా చూపించారని విమర్శించాడు. నేను ఒప్పుకోను. మీరు చెప్పిన లాగిన్ సంగతే ఆ సినిమా చెప్పింది. నియమం ఎవరో ఎక్కడో రాస్తారు, దాన్ని మొహం మీద చెప్పాల్సిన పని ఇంకెవరికో పడుతుంది.

ఇంకో వైపు కూడా ఉంది. 2014లో ఇక్కడ ఛానల్ 4లో 'బెనిఫిట్స్ స్ట్రీట్' అని వచ్చింది, బర్మింగ్‌హామ్‌లో ఒక వీధిలో భత్యాల మీద బతికేవాళ్ళని కెమెరా పెట్టి తీసిన సీరియల్. అందులో ఉన్నది నిజం మనుషులే, నిజం ఇళ్ళే. అయినా చూసినవాళ్ళలో చాలామంది వాళ్ళని అసహ్యించుకున్నారు. అంటే కెమెరా ముందు అసలు మనిషిని నిలబెట్టినంత మాత్రాన నిజం వచ్చేయదు, ఏ ముక్క ఉంచారు, ఏ ముక్క కోశారు అన్నదే అంతా.

బెజవాడ_బాబి
ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే నాదొక డౌటు. పేదవాళ్ళని మరీ మంచివాళ్ళుగా చూపించడం కూడా అబద్ధమే కదా? అబద్ధమాడని, దొంగతనం చేయని పేదవాడే సాయానికి అర్హుడు అన్నట్టు ఉంటుంది. మా పేటలో అందరూ అలా ఉండరు.

కోనసీమ_కోడలు
బాబీ, నువ్వన్నదే అసలు పాయింట్. దానికి జపాన్ సినిమా షాప్‌లిఫ్టర్స్ (2018) చూడు. ఆ ఇంట్లో అందరికీ పెద్ద ఆధారం ముసలావిడ పెన్షన్. కొట్లలో దొంగతనాలు చేస్తారు, ముసలావిడ పోతే ఇంటి కిందే పూడ్చి పెన్షన్ తీసుకుంటూ ఉంటారు. వినడానికి ఘోరంగా ఉందా? చూస్తున్నంతసేపూ వాళ్ళలో ఎవరినీ అసహ్యించుకోలేవు, అలాగని వాళ్ళు చేసింది ఒప్పనీ అనలేవు.

మన తెలుగులోనే మృణాల్ సేన్ 1977లో 'ఒక ఊరి కథ' అనే సినిమా తీశాడు, ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా. తండ్రీ కొడుకులు పని చేయరు. ఎంత చేసినా మిగిలేది భూస్వామికేనని తండ్రి లెక్క. కోడలు కష్టపడుతుంది, చనిపోతుంది. తండ్రి మాటల్లో నిజం ఉంది, అయినా కోడలి చావులో ఆయన పాలూ ఉంది. యాభై ఏళ్ళ కింద పేదవాణ్ణి అంత నిర్మొహమాటంగా చూపించినవాళ్ళం ఇప్పుడు ఎందుకు భయపడుతున్నాం?

కట్_చెప్పేలోపు
నేను అసిస్టెంట్ డైరెక్టర్‌ని, ఎందుకో చెప్తాను. కథ చెప్పడానికి వెళ్తే మొదటి ప్రశ్న హీరో ఏం చేస్తాడు అని. పెన్షన్ ఆగిన మనిషి ఏం చేస్తాడండీ, తిరుగుతాడు. మీసేవకి, ఎమ్మార్వో ఆఫీసుకి, బ్యాంకుకి, మళ్ళీ మీసేవకి. నిర్మాత అంటాడు, వీడు తిరగడమేంటి, కొట్టాలి కదా అని. అక్కడే కథ మారిపోతుంది, ముసలాయన పక్కకి వెళ్ళి ఆయన కోసం కొట్టే కుర్రాడు వస్తాడు.

రెండోది కళాశాఖ, కాస్ట్యూమ్స్. పేద ఇల్లు అనగానే మట్టి గోడ, చిరిగిన చీర, కిరోసిన్ దీపం తెస్తారు. ఈ రోజు పేద ఇంట్లో ఉండేది అది కాదని చెప్తే వినరు. డిష్ టీవీ ఉంటుంది, పగిలిన స్క్రీన్‌తో స్మార్ట్‌ఫోన్ ఉంటుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చదివే అమ్మాయి ఉంటుంది. ఫ్రిజ్ ఉంటుంది, కరెంటు బిల్లు భయంతో ఆపేసి అందులో పప్పు డబ్బాలు పెడతారు. ఫ్రిజ్ పెడితే ప్రేక్షకుడు వీళ్ళు పేదలని నమ్మడంటారు. కేరాఫ్ కంచరపాలెం (2018) నమ్మబుద్ధి అయిందంటే కారణం, ఎక్కువమంది ఆ పేటవాళ్ళే నటించారు, వాళ్ళ ఇళ్ళలోనే వాళ్ళు తిరిగారు.

నేను రాసుకుంటున్న కథలో ఒకటో తారీకు సీను ఉంది. సచివాలయం అన్నా లేక అక్కా, వేలిముద్ర పడకపోతే అక్కడ అసలు ఏం జరుగుతుంది? నాకు తప్పు తీయాలని లేదు.

సచివాలయం_స్టాఫ్
తమ్ముడూ, అక్కనే. రాసుకో. ముందు ఫోన్‌కి డివైస్ పెట్టి వేలు పెట్టమంటాం. పొలం పని చేసినవాళ్ళకి, అంట్లు తోమేవాళ్ళకి గీతలు అరిగిపోయి ఉంటాయి, పడదు. చెయ్యి కడుక్కుని తుడుచుకు రమ్మంటాం. కొందరు వేళ్ళు తలకి రుద్దుకుని వస్తారు, జిడ్డు ఉంటే పడుతుందని వాళ్ళ నమ్మకం. బొటనవేలు, చూపుడువేలు, అన్నీ అయ్యాక ఐరిస్ పెడతాం, శుక్లాలు ఉన్న కంటికి అదీ కష్టమే. తర్వాత ముఖం ఫొటో. సర్వర్ స్లో అయితే ఫోన్ పట్టుకుని మేడ మీదకో వీధి చివరికో వెళ్తాం, పెన్షన్‌దారు మా వెనకే నడుచుకుంటూ వస్తారు, కదల్లేనివాళ్ళయితే మంచం మీదే ఎదురుచూస్తారు. అయ్యాక డబ్బు చేతికిస్తాం. లెక్కపెట్టమంటే చాలామంది లెక్కపెట్టరు. పక్కన కొడుకో మనవడో నిలబడి ఉంటే మాత్రం వాళ్ళ చెయ్యి ముందుకొస్తుంది, అది కూడా పెట్టు నీ సీన్లో. కొందరు పెద్దవాళ్ళు నోట్లు తీసుకోగానే బొడ్లో దోపేసుకుంటారు, ఇంకొందరు మా ముందే కోడలి చేతిలో పెట్టేస్తారు.

కట్_చెప్పేలోపు
థాంక్స్ అక్కా. మనవడి చెయ్యి సంగతి నాకు తట్టనే లేదు. సీను మళ్ళీ రాస్తాను. పూర్తయ్యాక ఇక్కడే పెడతాను, అందరూ చదివి తప్పులు చెప్పండి, పంట కాలువ గారూ, మీరు కూడా.

పంట_కాలువ
చదువుతాను. అందులో ఒక చిన్న రైతుని కూడా పెట్టు బాబూ, అప్పున్నవాణ్ణి.